పాత మజిల్ కార్ల వెనుక చక్రాలకు స్పేసర్లు: కొలత నుంచి బిగింపు వరకు

1969 కామరో ఎస్‌ఎస్‌కు షెవ్రొలే సంస్థ 396 ఘనపు అంగుళాల ఇంజిన్ ఇచ్చింది. అందులో పై రకం శక్తిని 375 హార్స్‌పవర్‌గా ప్రకటించింది. అంత శక్తిని రోడ్డు మీదికి దించే పనిని మాత్రం 14 అంగుళాల రిమ్ము మీద కూర్చున్న ఎఫ్70-14 అనే టైరుకు అప్పగించింది. ఈనాటి కొలతల్లో చెప్పాలంటే అది మామూలు కుటుంబపు కారు టైరు వెడల్పే. ఆ కాలపు ముస్టాంగ్, షెవెల్, ఛార్జర్ వంటి మజిల్ కార్లన్నిటిదీ, అంటే పెద్ద ఇంజిన్ పెట్టిన అమెరికన్ కార్లన్నిటిదీ, ఇంచుమించు ఇదే కథ. మడ్‌గార్డు కింద చోటు ఎక్కువే ఉంటుంది, టైరు మాత్రం లోపలికి ముడుచుకుని నిలబడి ఉంటుంది. అందుకే ఈ కార్లను బాగుచేసుకునేవారిలో చాలామంది మొదట మార్చేది వెనుక టైర్లనే. టైరు వెడల్పు పెరిగిన తరువాత అది లోపల కమాన్ కట్టకో (లీఫ్ స్ప్రింగుకో), బయట మడ్‌గార్డు అంచుకో తగలడం మొదలైనప్పుడు స్పేసర్ మాట వస్తుంది.

స్పేసర్ అంటే బ్రేక్ డ్రమ్ముకూ చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్ల, అంతే. అది చక్రాన్ని బయటికి జరుపుతుంది, లోపలికి జరపలేదు. అందువల్ల టైరు లోపలివైపు తగులుతూ, బయటివైపు చోటు మిగిలి ఉన్నప్పుడు మాత్రమే దానితో ప్రయోజనం ఉంటుంది. రెండు వైపులా తగిలే టైరుకు స్పేసర్ మందు కాదు. ఆ కారుకు ఆ టైరు పెద్దదని అర్థం.

నేనుండే డెట్రాయిట్ ప్రాంతంలో ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైన ఈ వేడుకను చూడటానికి వెళ్లి, తిరిగివచ్చి తామూ ఒక పాత కారు కొనుక్కున్న తెలుగు ఇంజినీర్లు ఇక్కడ కొందరున్నారు, వారిలో నేనూ ఒకణ్ని. ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది 1969 కామరో. పద్ధతి మిగతా కార్లకూ ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

ముందుగా రిమ్ము గురించి

రిమ్మును ముఖం నేలవైపు ఉండేలా బోర్లించి, వెనుక అంచుల మీద తిన్నని ఇనుప బద్ద ఒకటి అడ్డంగా పెట్టి, ఆ బద్ద నుంచి డ్రమ్ముకు ఆనుకునే ముఖం దాకా లోతు కొలిస్తే వచ్చేది బ్యాక్‌స్పేసింగ్. రిమ్ము వెడల్పులో సరిగ్గా మధ్యగీత నుంచి ఆ ముఖం బయటివైపుకు ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. ఇక్కడ కొత్తవారు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. 8 అంగుళాల రిమ్ము అంటే టైరు కూర్చునే చోట 8 అంగుళాలని అర్థం. అంచుల మందం కలుపుకుంటే బయటి నుంచి బయటికి సుమారు 9 అంగుళాలు వస్తుంది. కాబట్టి 8 అంగుళాల రిమ్ముకు ఆఫ్‌సెట్ సున్నా అయితే బ్యాక్‌స్పేసింగ్ 4 కాదు, దాదాపు 4.5 అంగుళాలు. 5 మి.మీ. స్పేసర్ పెడితే ఆఫ్‌సెట్ 5 మి.మీ. తగ్గినట్టే లెక్క.

నట్ల అమరికను కూడా ముందే తెలుసుకోవాలి. కామరో, షెవెల్‌లకు 5 నట్లు 4.75 అంగుళాల వ్యాసమున్న వలయం మీద ఉంటాయి, స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) మందం 7/16 అంగుళం. ఎనిమిది సిలిండర్ల ముస్టాంగ్‌కూ, ఛార్జర్ వంటి పెద్ద క్రైస్లర్ కార్లకూ వలయం 4.5 అంగుళాలు, స్టడ్డు అర అంగుళం. 1972 వరకు వచ్చిన డార్ట్ వంటి చిన్న కార్లకు వలయం 4 అంగుళాలే. 1960లలోని క్రైస్లర్ కార్ల ఎడమవైపు స్టడ్డులకు ఎడమ మరలు ఉంటాయి. ఈ సంగతి తెలియక బలమంతా పెట్టి ‘విప్పుతున్నాను’ అనుకుంటూ బిగించి స్టడ్డు విరగ్గొట్టినవారు ఎందరో.

కారు మీద కొలవడం

ఈ పనిలో అసలు శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. స్పేసర్ ఎంత మందం కావాలో కారే చెప్పాలి. పక్కవాడి కారుకు పావు అంగుళం సరిపోయిందన్న మాట మన కారుకు పనికిరాదు, ఎందుకంటే ఈ కార్లను అప్పట్లో మిల్లీమీటర్ల నిక్కచ్చితో జోడించలేదు. బాడీకి ఇరుసు కాస్త పక్కకు జరిగి ఉండటం, ఎడమవైపు చోటుకూ కుడివైపు చోటుకూ ఐదారు మిల్లీమీటర్ల తేడా ఉండటం సర్వసాధారణం.

కారును చదునైన గచ్చు మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి, జాక్ స్టాండ్లను ఇరుసు గొట్టాల కింద పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే ఇరుసు కిందికి వేలాడి, రోడ్డు మీద కారు నిలబడే ఎత్తు కాక వేరే ఎత్తు వస్తుంది, అప్పుడు కొలతలన్నీ తప్పవుతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చేయి పెట్టకూడదు.

చక్రం విప్పిన తరువాత తిన్నని చెక్క బద్ద ఒకటి తీసుకుని, దానికి రెండు రంధ్రాలు చేసి, రెండు స్టడ్డుల మీద ఎక్కించి, నట్లతో డ్రమ్ము ముఖానికి ఆనించి బిగించాలి. వేయబోయే టైరు 275/60 ఆర్15 అనుకుందాం. దాని వ్యాసం సుమారు 711 మి.మీ., అంటే వ్యాసార్థం 355 మి.మీ. పైచిలుకు. డ్రమ్ము మధ్య నుంచి ఆ దూరంలో బద్ద మీద ఒక గీత, టైరు పక్కగోడ బాగా ఉబ్బి ఉండే సుమారు 270 మి.మీ. దగ్గర ఇంకొక గీత గీయాలి. ఇప్పుడు ఆ బద్ద టైరుకు బదులుగా నిలబడిన గడియారపు ముల్లు లాంటిది. దాన్ని నెమ్మదిగా తిప్పుతూ, రెండు గీతల దగ్గరా, లోపలివైపు అన్నిటికంటే దగ్గరగా వచ్చే వస్తువు ఎంత దూరంలో ఉందో, బయటివైపు మడ్‌గార్డు అంచు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి రాసుకోవాలి. దూరాలన్నీ బద్దలో డ్రమ్ముకు ఆనిన ముఖం నుంచే లెక్కించాలి, లేకపోతే చెక్క మందం మన లెక్కలోకి దొంగలా దూరుతుంది.

కామరో, ముస్టాంగ్, ఛార్జర్‌లకు వెనుక కమాన్ కట్టలు ఉంటాయి కనుక లోపలివైపు మొదట తగిలేది సాధారణంగా ఆ కట్టలే, లేదా షాక్ అబ్జార్బర్ కింది మూల. షెవెల్‌కు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి కాబట్టి అక్కడ చక్రాల గూడు లోపలి గోడను, ఛాసిస్‌ను చూసుకోవాలి. బయట మడ్‌గార్డు అంచు లోపలికి మడిచి ఉంటుంది. కంటికి కనిపించే అంచును కాక, వేలు పెట్టి తడిమి ఆ మడత కొనను కొలవాలి, ఎందుకంటే టైరును కోసేది అదే.

మొదటి వైపు కొలిచాక రెండో వైపును వదిలేయాలనే కోరిక సహజమే. వదలకూడదు.

లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ఎడమవైపు డ్రమ్ము ముఖం నుంచి లోపల కమాన్ కట్ట దాకా 150 మి.మీ., బయట అంచు దాకా 165 మి.మీ. ఉన్నాయి. కుడివైపు లోపల 157, బయట 158. ఆఫ్‌సెట్ సున్నాగా ఉన్న 8 అంగుళాల రిమ్ము మీద 275/60 టైరు వెడల్పు సుమారు 279 మి.మీ., అంటే డ్రమ్ము ముఖానికి అటు 139.5, ఇటు 139.5. ఎడమవైపు లోపల మిగిలేది 10.5 మి.మీ., బయట 25.5. కుడివైపు లోపల 17.5, బయట 18.5.

కమాన్ కట్టలున్న కారులో ఇరుసు మలుపుల్లో పక్కకు కదులుతుంది, రబ్బరు బుష్‌లు నలుగుతాయి. అందుచేత లోపల కనీసం 12 మి.మీ. లేనిదే నేను ఒప్పుకోను. బయట కూడా అంతే ఉండాలి, కారు ఎత్తు తగ్గించి ఉంటే ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. పై లెక్కలో ఎడమ లోపలి 10.5 చాలదు. రెండు వైపులా 5 మి.మీ. స్పేసర్ పెడితే ఎడమవైపు లోపల 15.5, బయట 20.5 అవుతాయి, కుడివైపు లోపల 22.5, బయట 13.5 అవుతాయి. నాలుగూ హద్దులోనే ఉన్నాయి. ఒక్క ఎడమవైపే పెట్టి వదిలేస్తే సరిపోదా అని అడిగేవారుంటారు, సరిపోతుంది కూడా. కాకపోతే రెండు వైపులా ఒకే మందం ఉంటే తరువాత టైర్లను అటూఇటూ మార్చుకునేటప్పుడు, కారు మరొకరి చేతికి వెళ్లినప్పుడు తికమక ఉండదు.

టైరు అప్పటికే చేతిలో ఉంటే పుస్తకంలోని వెడల్పును నమ్మక, రిమ్ముకు ఎక్కించి గాలి నింపిన తరువాత దాని అసలు వెడల్పును కొలవడం మేలు. ఒకే అంకె రాసి ఉన్న రెండు కంపెనీల టైర్లు నాలుగైదు మిల్లీమీటర్లు తేడా రావడం వింత కాదు. రిమ్ము అర అంగుళం వెడల్పు పెరిగితే అదే టైరు సుమారు 5 మి.మీ. ఉబ్బుతుంది.

లెక్కలో 10 మి.మీ. దాటిన స్పేసర్ అవసరమని తేలితే మాత్రం నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అక్కడ తప్పు రిమ్ముది. సరైన బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రిమ్ము కొనుక్కోవడం మంచిది. దీనికి మినహాయింపు ఒక్కటే, కొత్త కాలపు కార్ల రిమ్ములను పాత కారుకు వేయాలనుకున్నప్పుడు. 1980ల చివరి కార్వెట్ల రిమ్ములకు నట్ల వలయం కామరోకు సరిపోతుంది కానీ ఆఫ్‌సెట్ 50 మి.మీ. దాటి ఉంటుంది. వాటిని వాడాలంటే మందపాటి, సొంత స్టడ్డులున్న స్పేసర్ తప్పదు.

స్టడ్డు ఎంత మిగిలింది?

స్పేసర్ల మీద ఉన్న చెడ్డపేరులో ఎక్కువ భాగం నిజానికి స్టడ్డుల మీద వేయవలసిన నింద. స్పేసర్ ఎంత మందమో స్టడ్డులో అంత భాగం నట్టుకు అందకుండా పోతుంది.

నట్టులోకి కనీసం స్టడ్డు మందమంత పొడవున మరలు దిగాలనేది పాత నియమం. అమెరికాలో డ్రాగ్ రేసులు నిర్వహించే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కూడా ఇదే కోరుతుంది. 7/16 అంగుళం స్టడ్డుకు అంగుళానికి 20 మరలు ఉంటాయి కాబట్టి 7/16ను 20తో గుణిస్తే 8.75, అంటే నట్టు కనీసం 9 చుట్లు తిరగాలి. అర అంగుళం స్టడ్డుకు 10 చుట్లు. కొలిచే విధానం చాలా తేలిక. స్పేసర్ లేకుండా చక్రాన్ని ఎక్కించి, నట్టును వేళ్లతో తిప్పుతూ మర అందిన క్షణం నుంచి గట్టిగా ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టాలి. ఒక్కొక్క మర 1.27 మి.మీ., కనుక 5 మి.మీ. స్పేసర్ దాదాపు 4 చుట్లను తినేస్తుంది. మొదట 11 చుట్లు వచ్చాయనుకుంటే స్పేసర్ పెట్టిన తరువాత 7 మాత్రమే మిగులుతాయి, అది చాలదు.

ఈ లెక్క నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. మొదటిసారి ఆన్‌లైన్‌లో ఒక చోట రకరకాల వలయాలకూ సరిపోయేలా పొడుగాటి గాళ్లు కోసిన, పోత పోసిన స్పేసర్ల జత కొని, చుట్లు లెక్కపెట్టకుండానే బిగించాను. మూడో రోజు ఇంటికి వస్తుంటే ఎడమవైపు వెనుక నుంచి, ఖాళీ డబ్బాలో గులకరాయి వేసి ఊపినట్టు, టకటకమని శబ్దం మొదలైంది. వేగం తగ్గిస్తే శబ్దమూ నెమ్మదించింది. రోడ్డు పక్కన ఆపి క్యాప్ తీసి చూస్తే రెండు నట్లు చేతివేళ్లకే తిరిగాయి, స్పేసర్ గాళ్ల అంచుల్లో స్టడ్డులు రుద్దుకున్న చోట అల్యూమినియం మెరుస్తూ నలిగి ఉంది. ఇంకో పది మైళ్లు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు.

చుట్లు చాలకపోతే పొడవైన స్టడ్డులు వేయాలి. ఇవి వెనుక నుంచి ఒత్తి దించేవి. వీటి మెడ దగ్గర పళ్లపళ్లుగా ఉండే భాగం వ్యాసం పాతదానితో సరిగ్గా సరిపోవాలి. పాత స్టడ్డు ఒకటి తీసి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి కొనడమే నమ్మకమైన దారి. నట్టుతో లాగి దించే పద్ధతి చాలామంది వాడతారు కానీ అందులో కొత్త స్టడ్డు సాగిపోయే ప్రమాదం ఉంది. ఇరుసును బయటికి తీసి ప్రెస్సు మీద దించడమే మేలు. కామరోలో ఇరుసు కడ్డీని డిఫరెన్షియల్ లోపల సీ ఆకారపు క్లిప్పు పట్టి ఉంచుతుంది, కనుక దాన్ని తీయాలంటే వెనుక మూత విప్పి నూనె దించవలసి వస్తుంది. ఎలాగూ తీస్తున్నారు కాబట్టి ఇరుసు సీళ్లను కూడా అప్పుడే మార్చేయడం తెలివైన పని.

ఏది కొనాలి

పోత పోసినవి, పలు వలయాలకు పనికివచ్చే గాళ్లు ఉన్నవి వద్దు. 6061-టీ6 రకం అల్యూమినియం దిమ్మ నుంచి కోసి, మీ కారు వలయానికి మాత్రమే రంధ్రాలు చేసినవి తీసుకోవాలి. మధ్య రంధ్రం ఇరుసు మధ్యలోని గుండ్రటి దిమ్మకు వదులు లేకుండా సరిపోవాలి. జీఎమ్ (షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్) కార్లకు అది సుమారు 70.3 మి.మీ. ఆ దిమ్మ మొదట్లో చిన్న వంపు ఉంటుంది, స్పేసర్ రంధ్రపు అంచుకు కూడా దానికి తగిన వాలు ఉండాలి. లేకపోతే స్పేసర్ వంపు మీద ఎక్కి కూర్చుంటుంది తప్ప డ్రమ్ముకు ఆనదు.

25 మి.మీ., ఆపైన మందం ఉన్నవాటికి వాటి సొంత స్టడ్డులు ఉంటాయి. వాటిని మొదట కారు స్టడ్డులకు బిగించి, తరువాత చక్రాన్ని వాటికి బిగిస్తారు. ఇక్కడ కారు పాత స్టడ్డు కొనలు స్పేసర్ ముఖం దాటి బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే రిమ్ము వెనుక వాటికి తగిన గుంటలున్నాయో లేదో చూసుకోవాలి. పైకి అంతా బిగిసినట్టే కనిపిస్తూ, చక్రం రెండు స్టడ్డు కొనల మీద నిలబడి ఉండటం కన్నా మోసకరమైన స్థితి ఈ పనిలో లేదు.

బిగించే క్రమం

డ్రమ్మును స్టడ్డుల మీద పట్టి ఉంచడానికి ఫ్యాక్టరీలో తొడిగిన పలుచని ఉక్కు క్లిప్పులు కొన్ని కార్లకు ఇప్పటికీ ఉంటాయి. స్పేసర్ సమంగా కూర్చోవాలంటే వాటిని తీసేయాలి. డ్రమ్ము ముఖం మీద తుప్పును, పాత పెయింటు పొరలను వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా గీకాలి. రిమ్ము వెనుక ముఖానికీ అదే చేయాలి.

తరువాత డ్రమ్ము ముఖమంతా మార్కర్ పెన్నుతో రంగు పూసి, స్పేసర్‌ను పెట్టి, చేత్తో నొక్కుతూ కొద్దిగా అటూఇటూ తిప్పి తీయాలి. స్పేసర్ వెనుక రంగు వలయమంతా సమంగా అంటితే అది సరిగ్గా ఆనినట్టే. ఒక పక్కనే అంటితే అడ్డం వస్తున్నదేమిటో వెతకాలి. తరచుగా అది ఒక రివెట్ తల గానీ తుప్పు పొక్కు గానీ అయి ఉంటుంది.

మధ్యలోని గుండ్రటి దిమ్మకు యాంటీ సీజ్ గ్రీజును పలుచగా పూయవచ్చు, వచ్చే ఏడాది స్పేసర్ పట్టేసుకోకుండా ఉంటుంది. స్టడ్డుల మరలకు మాత్రం పూయకూడదు. జిడ్డు మర మీద అదే టార్క్‌కు (తిప్పే బలానికి) స్టడ్డు మరింత సాగుతుంది.

చక్రాన్ని ఎక్కించి నట్లన్నిటినీ ముందు వేళ్లతోనే ఆనేదాకా తిప్పాలి. అప్పుడు చుట్లను మళ్లీ లెక్కపెట్టాలి. ఆ తరువాత నక్షత్రపు క్రమంలో, అంటే ఒక నట్టు వదిలి మరో నట్టుకు ఎదురుగా వెళుతూ, మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. 7/16 అంగుళం స్టడ్డుకు ఉక్కు రిమ్ముల మీద 75 అడుగుల-పౌండ్లు, అంటే సుమారు 102 న్యూటన్-మీటర్లు మామూలుగా వాడే అంకె. అల్యూమినియం రిమ్ముకు దాని తయారీదారు వేరే అంకె చెబితే దాన్నే పాటించాలి. ఆఖరి విడతకు ముందు కారును దించి టైరు నేలను తాకేలా చేస్తే చక్రం తిరగకుండా ఉంటుంది. క్రాగర్ ఎస్‌ఎస్ వంటి ఆ కాలపు రిమ్ములకు వాషర్లతో కూడిన ప్రత్యేకమైన నట్లు ఉంటాయి. వాటి బదులు మామూలు శంకువు నట్లు బిగిస్తే చక్రం మధ్యకు కూర్చోదు. సొంత స్టడ్డులున్న స్పేసర్ అయితే లోపలి నట్లను, బయటి నట్లను విడివిడిగా ఇదే పద్ధతిలో బిగించాలి.

రోడ్డెక్కే ముందు, ఎక్కిన తరువాత

ఇరుసు పూర్తిగా పైకి వచ్చినప్పటి స్థితిని రోడ్డెక్కకముందే పరీక్షించవచ్చు. మడ్‌గార్డు మడత లోపలి అంచుకు పిల్లలు ఆడుకునే బంకముద్దను వేలిమందంగా అంటించి, వెనుక సీటులో ఇద్దరు పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పెట్రోలు నిండుగా ఉంచి, ఖాళీ పార్కింగ్ స్థలంలో నెమ్మదిగా 8 అంకె ఆకారంలో రెండు వైపులా నాలుగైదుసార్లు తిప్పాలి. తరువాత ఒక వెనుక చక్రం మాత్రమే స్పీడ్ బ్రేకర్ ఎక్కేలా ఏటవాలుగా దాటించాలి, ఎందుకంటే ఇరుసు వంగినప్పుడే టైరు పైభాగం అంచుకు అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. దిగి చూస్తే ముద్ద ఎంత మందం మిగిలిందో అదే అక్కడ మిగిలిన చోటు. ముద్ద మీద టైరు గీతలు పడి అది పలుచబడిపోయి ఉంటే స్పేసర్ తగ్గించాలి, లేదా మడ్‌గార్డు మడతను లోపలికి నొక్కించాలి. ఆ నొక్కే పనిని పెయింటు పగలకుండా వేడి చేసి చేయగలిగిన మనిషికే ఇవ్వాలి.

లోపలివైపును చూడటానికి ముద్ద అక్కరలేదు. టార్చిలైటుతో కమాన్ కట్ట అంచును, టైరు లోపలి పక్కగోడను చూస్తే చాలు. కట్ట మీద నల్లటి రబ్బరు మరక, పక్కగోడ మీద వలయంగా మెరిసే గీత కనిపిస్తే తగులుతున్నట్టే. గంటకు 90 కిలోమీటర్ల దగ్గర కొత్తగా వణుకు మొదలైతే టైరు బ్యాలెన్సింగ్‌కు పరిగెత్తే ముందు చక్రం విప్పి, స్పేసర్ మధ్యకు కూర్చుందో లేదో చూడాలి.

80 నుంచి 150 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు, నట్లన్నిటినీ అదే అంకెకు మళ్లీ బిగించాలి. సొంత స్టడ్డులున్న స్పేసర్ అయితే చక్రం విప్పి లోపలి నట్లను కూడా చూడాలి. నేను ఒక్కో స్టడ్డు కొన మీద నుంచి నట్టు మీదికి తెల్ల పెయింటుతో సన్నని గీత ఒకటి గీస్తాను. నట్టు వెంట్రుకవాసి కదిలినా ఆ గీత తెగి కనిపిస్తుంది. పెట్రోలు పోయించుకుంటున్న ఆ రెండు నిమిషాల్లో వంగి ఒకసారి చూసుకోవచ్చు.